బావా, హారన్ కొట్టనా?

లారీ చుట్టూ తిరుగుతూ, ఒక్కో చక్రం దగ్గర వంగి, మధ్యనున్న ఇనప డిప్పకు చేతి వెనకవైపు ఆనించి చూస్తున్నాడతను. గంటన్నరకోసారి బండి ఆపి ఇలా చూడటం ముప్ఫై రెండేళ్ల అలవాటు. కూతురికి జ్వరం వస్తే నుదురు కూడా ఇలాగే చూసేవాడు. నాలుగో చక్రం దగ్గర చెయ్యి చుర్రుమంది. బ్రేకు పట్టేసింది.

"ఇప్పుడేమైందండీ?" క్యాబిన్ కిటికీలోంచి భార్య తల బయటపెట్టింది.

"వేడెక్కింది. చల్లారనీ."

"ఎంతసేపు?"

"నన్నడుగుతావేం? దాన్నే అడుగు."

అని తనే పకపకా నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. టైము పదింబావు. గుండె డాక్టరు పన్నెండున్నర దాకానే ఉంటాడని కూతురు పొద్దున్నించి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పింది.

నాలుగు రోజులుగా అతని ఎడమ చెయ్యి బరువెక్కుతోంది. గ్యాసన్నాడు, దిండు సరిగ్గా లేదన్నాడు. నిన్న మెట్ల మీద కూలబడి చెమటలు కక్కుతుంటే ఆమె చూసేసింది. అంతే, ఈ పొద్దున ఇంటికి తాళం వేసి లారీ ఎక్కి కూర్చుంది. లోడు గోడౌన్‌కి చేర్చగానే నేరుగా ఆసుపత్రికి పోవాలి, ఆయన మాట మీద తనకు నమ్మకం లేదు.

నిజానికి అతనికి భయంగా ఉంది. నొప్పంటే కాదు. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు అనేస్తాడేమోనని. పెళ్లయిన కొత్తలో భార్యకు అతను మొదట చూపించింది ఇల్లు కాదు, ఇంజను. వీధిలో పోయే బండిని చూడకుండానే, చప్పుడు విని దేనికి ఏ జబ్బో చెప్పేవాడు. ఆ బండ్లన్నీ వదిలేసి ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో అతనికి తెలియదు. అందుకే ఈరోజు ఆగాల్సినదానికన్నా ఎక్కువసార్లే ఆగాడు. అద్దాలు రెండుసార్లు తుడిచాడు.

ఇప్పుడు మాత్రం సాకు కాదు, బ్రేకు నిజంగానే పట్టేసింది. స్పానర్ పట్టుకుని బండి కిందికి దూరాడు.

"బండి చెప్పకుండా ఏదీ చెయ్యదే. ముందే చెప్తుంది. మనం వినాలి."

"మీ ఒళ్లు కూడా నాలుగు రోజులుగా చెప్తూనే ఉంది. వినే నాథుడేడీ?"

కింద స్పానర్ చప్పుడు ఆగిపోయింది. ఆమె గబగబా దిగి వంగి చూసింది. కళ్లు మూసుకుని ఊపిరి పీలుస్తున్నాడు. "కాస్త నీళ్లియ్యి," అన్నాడు.

బ్రేకు వదులుచేసి మళ్లీ బయలుదేరాక ఆమె ముఖం చూసి, ఎప్పటి జోకే ఎత్తుకున్నాడు. "మీ తమ్ముడికి లారీ నేర్పిన రోజు..." అంటూనే నవ్వు తన్నుకొచ్చి, కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ జోకు ఎప్పుడూ అంతే. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ చివరిదాకా చెప్పలేదు. కూతురు కూడా జోకుకి కాదు, ఆ నవ్వుకే నవ్వేది.

గోడౌన్‌కి చేరేసరికి పదకొండు నలభై. ఒక్క ఊపున రివర్స్ చేసి, గోడకు జానెడు దూరంలో నిలబెట్టాడు. సీటు కింది నుంచి అడ్డు చెక్క తీసి వెనక చక్రం వెనక పెట్టాడు. నేల చదునుగా ఉన్నా సరే, అది పెట్టనిదే బండి వదలడు. దాని మీద మూడు పళ్ల నవ్వు ముఖం ఒకటి ఉంది. కూతురు ఏడేళ్లప్పుడు తెల్లరంగుతో వేసింది. రంగు పోయినప్పుడల్లా అతనే మళ్లీ దిద్దేవాడు.

"టాక్సీ పిలిచాను. పదండి."

"రెండు నిమిషాలు. చల్లారనీ." క్యాబిన్ మెట్టు మీద కూర్చుని తలుపుకి తల ఆనించాడు. మెల్లగా మొదలుపెట్టాడు.

"మీ తమ్ముడికి లారీ నేర్పిన రోజు, రివర్స్ గేరేసి అద్దంలోకి చూశాడు. చూసి, 'బావా, గోడ మన మీదికొచ్చేస్తోంది, హారన్ కొట్టనా?' అన్నాడు."

ఆమె ఫక్కున నవ్వింది. అసలు సంగతి ఇదా, ఇన్నేళ్లూ! నవ్వుతూనే అతని వైపు తిరిగింది. అతను నవ్వడం లేదు.

"ఏమండీ."

చేతి వెనకవైపు అతని నుదుటికి ఆనించింది. తడిగా, చల్లగా ఉంది. "ఏమండీ," అని భుజం పట్టి కుదిపింది. గోడౌన్ వాళ్లు పరుగెత్తుకొచ్చారు.

ఆసుపత్రికి వెళ్లేసరికి పన్నెండుంబావు. డాక్టరు ఇంకా ఉన్నాడు. చూసి, తల అడ్డంగా ఊపాడు. కూతురికి ఫోన్ చేసి ఆమె మొదట చెప్పగలిగింది ఒకటే మాట: "మీ నాన్న ఆ జోకు మొత్తం చెప్పేశాడే."

మర్నాడు కొత్త డ్రైవరు వచ్చాడు. అడ్డు చెక్క సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. తాళం తిప్పి, లారీని ముందుకు పోనిచ్చాడు. ఖాళీ అయిన చోట, గోడకు ఇవతల, చెక్క ఒక్కటే మిగిలింది, మూడు పళ్లూ బయటపెట్టి.