మేనమామ కత్తెర

వెంకటి జగిత్యాల పక్క పల్లె నుంచి విజిట్ వీసా మీద కువైట్‌లోని కూతురింటికి వచ్చి ఇరవై తొమ్మిది రోజులైంది. రేపు పొద్దున తిరుగు విమానం. అంగీ జేబులో పసుపు గుడ్డ, దాన్లో చుట్టిన కొత్త కత్తెర.

మనవరాలు మన్విత జ్వరంతో పడ్డప్పుడు, మూడేళ్ళు నిండేలోపు పుట్టువెంట్రుకలు ధర్మపురి నరసన్నకు ఇస్తానని ఆయనే మొక్కాడు. తొలి కత్తెర మేనమామ వెయ్యాలి. ఆ మేనమామ వెంకటి కొడుకు దేవేందర్, మంగఫ్‌లో కంపెనీ ఉద్యోగం. కొడుకు కత్తిరించిన పాయను గోదావరిలో వదిలితే మొక్కు తీరినట్టే. కానీ నాలుగు శుక్రవారాలుగా వాడికి డ్యూటీయే. వారంలో పిల్లకు మూడేళ్ళు నిండుతాయి.

ఈ శుక్రవారం పొద్దున్నే అల్లుడు జలంధర్ అందరినీ కారులో సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాడు. కువైట్ టవర్ల మీది నీలి గుండ్లను చూసి పిల్ల వేలు చూపింది.

"తాతా, గవేంది?"

"సొరకాయలు బిడ్డా. నా పెండ్లప్పుడు మన పెరట్ల గంతకన్న పెద్దది కాసింది. వానొస్తే మగపెండ్లోళ్ళందరు దాని కిందనే బువ్వ తిన్నరు."

"నిరుడు గుమ్మడికాయంటివి గదనే బాపూ!" అంది కూతురు ఉమారాణి.

"సొర తీగకు గుమ్మడికాయ కాసిందే పిల్లా. గందుకే గంత పెద్దగైంది."

ఫోను మోగింది. దేవేందర్. "బాపూ, కంపెనీ కార్ల ఉన్న. సూపర్‌వైజర్‌ను గద, జర సంతకాలుండె. మీరు పూజకాడికి నడువుండ్రి."

ఖైతాన్‌లో సత్యదుర్గ ఫ్లాట్ గడప ముందు చెప్పులు గుట్టగా పడున్నాయి. కోనసీమ మనిషి ఆవిడ. శుక్రవారం శుక్రవారం తన హాల్లో పటాలు పెట్టి, పక్కింటికి వినబడనంత గొంతుతో పాటలు పాడిస్తుంది. పదిన్నరకు రాహుకాలం, ఆలోపే కత్తెర పడాలి. పది దాటింది, పదీ ఇరవై దాటింది. పిల్లను పీట మీద కూర్చోబెట్టి అందరూ తలుపు వంకే చూస్తున్నారు.

"ఫోన్‌లో మేనమావకి చూపించి మీరే కత్తిరించేయండి బాబాయిగారూ. దేవుడేం అనుకోడండి," అంది సత్యదుర్గ.

"మా నర్సన్నకు ఫోన్ లేదమ్మా," అన్నాడు వెంకటి. నవ్వారు గాని, ఆయన మాత్రం నవ్వలేదు. దేవేందర్ ఫోన్ ఎత్తడం లేదు.

రాహుకాలం వెళ్ళాక జలంధర్ లేచాడు. "పా మామా, మనమే పోదాం మంగఫ్."

"మావోడు సైగ చేస్తె చాలు, గేటు దానంతలదే తెరుసుకుంటది," అన్నాడు వెంకటి దారిలో. జలంధర్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

కంపెనీ గేటు తెరుచుకోలేదు. లోపలికి రానివ్వలేనని కాపలాదారు అసిఫ్ చేతులు జోడించాడు. "అందర్ ఆనా మనా హై, చాచా." కాసేపటికి జాలి కంచె అవతలికి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. ఒళ్ళంతా నూనె మరకలు, కనుబొమల దాకా మసి. వెనక కార్మికుల బస్సు ఇంజను ఆడుతూ ఉంది.

"సంతకాలు పెట్టే చేతులా కొడుకా గివి?"

దేవేందర్ తల దించుకున్నాడు. "నీ కొడుకును గద బాపూ. జర పెద్దగ చెప్పిన. గేటు దాటనిస్తలేరు."

వెంకటి కత్తెరను జాలి కంతలో దూర్చబోయాడు. పిడి పట్టలేదు. అడ్డం తిప్పాడు, నిలువు తిప్పాడు. అసిఫ్ పైన కెమెరా చూపించి, ఇనుము లోపలికి పోతే నా నౌకరీ పోతది చాచా అని హిందీలో బతిమాలాడు.

ఉమారాణి పిల్లను కంచెకు దగ్గరగా ఎత్తింది. రెండు మసి వేళ్ళు కంతలోంచి బయటికొచ్చాయి. "నేను నీ మామనే బిడ్డా..."

మన్విత కెవ్వుమని తల్లి మెడలో మొహం దాచుకుంది. వేళ్ళకు జుట్టు కొస మాత్రం తగిలింది. బస్సు హారన్ కొట్టింది. "యల్లా, యల్లా!" అని ఎవరో తొందరపెట్టారు. వేళ్ళు వెనక్కి పోయాయి.

కారులో చాలాసేపటికి పిల్ల అడిగింది. "గాయినె ఎవలు తాతా?"

వెంకటి నోరు తెరిచాడు. ఏ సొరకాయా రాలేదు. "నీ మామ," అన్నాడు.

ఏసీ గాలికి పిల్ల జుట్టు కళ్ళలో పడుతోంది. ఉమారాణి తన జడ రబ్బరు తీసి దానికి పిలక కట్టింది. "ఐదో ఏట చేద్దాం తియ్యి బాపూ."

"చేద్దాం."

రేపు విమానంలోకి జేబులో కత్తెర రానివ్వరని జలంధర్ మెల్లగా చెప్పాడు. వెంకటి దాన్ని కారు అరలో పెట్టాడు. పసుపు గుడ్డకు మాత్రం, లోపల ఏమీ లేకున్నా, గట్టిగా ముడి వేసి జేబులో పెట్టుకున్నాడు.