నాలుగు మూలల పసుపు

భోపాల్‌పట్నంలో పెళ్లి కుదిరితే జనం ముందుగా సీతారాములు ప్రెస్సుకే వచ్చేవారు. అందుకే ఆయన లెక్కలో అట్టను కోసి మడత గీతలు వేసే కటింగ్ క్రీజింగ్ మెషీన్ పుట్టింది శుభలేఖల కోసమే. పాలిటెక్నిక్‌లో ప్రింటింగ్ డిప్లొమా చేసొచ్చిన అన్న కూతురు వినీత, అదే మెషీన్ డబ్బాలు చేస్తుందని, ఫైళ్లు చేస్తుందని, చింపుకునే టికెట్లకు చిల్లుల గీతలు కూడా వేస్తుందని ఏడాదిగా చెబుతోంది. ఆయన విని టీ తెప్పిస్తాడు. సంభాషణ అక్కడికి ముగుస్తుంది.

ఈలోగా శుభలేఖలు ఫోన్లలోకి వెళ్లిపోయాయి. మెషీన్ కొనడానికి సోమవారం జగదల్‌పూర్ నుంచి ఒకాయన వస్తున్నాడు. వినీత బతిమాలితే సీతారాములు ఒక్క మాట ఇచ్చాడు. శనివారం కల్లా డబ్బాల పని ఒక్కటైనా చేసి చూపిస్తే అమ్మడు.

ఆ పని ఆయతి తెచ్చింది. ఇప్పపువ్వు లడ్డూలు చేసే మహిళా సంఘానికి ఆమె పెద్ద. దంతెవాడ మేళాకు మూడు వందల డబ్బాలు కావాలి, శనివారం నాలుగింటి జీపుకు అందాలి.

వినీత ప్లైవుడ్ చెక్కలో బ్లేడ్లు తనే వంచి బిగించింది. పదునైనవి అట్టను కోస్తాయి, మొద్దువి మడత గీత వేస్తాయి. మొదటి ఇరవై అట్టలు మడత దగ్గర పగిలాయి. కింద వేసే కాగితం మార్చి, మళ్లీ మార్చి, శనివారం మధ్యాహ్నానికి మూడు వందలూ కోసి పేర్చింది. ఇక మడవడమే మిగిలింది. కొలత సరిచూడటానికి నాలుగు లడ్డూలు తెద్దామని వినీత ఆయతి వాళ్లింటికి వెళ్లింది.

ఇద్దరూ తిరిగి వచ్చేసరికి సీతారాములు బాసింపట్టు వేసుకుని, పక్కన పసుపు గిన్నెతో, చివరి అట్టకు నాలుగో మూల అద్దుతున్నాడు.

"చిన్నాయనా, ఏం చేసినవ్?"

"ఒట్టి అట్ట గడప దాటిస్తరా బిడ్డా? మూడు వందలకూ పెట్టిన. నడుం పడిపోయింది."

ఆయన మెప్పు కోసం చూస్తున్నాడు. వినీతకు అరిచే ఓపిక కూడా లేదు. ఆ మూలలు డబ్బా మూసినప్పుడు లోపలికి పోతాయి, నేరుగా లడ్డూల మీదికి. ఆయతి వేలితో రాసి చూసింది, వేలు పచ్చగా వచ్చింది. మేళాలో పరీక్షించే మేడమ్ ప్రతి డబ్బాలో చెయ్యి పెట్టి చూస్తుందని, సరుకంతా వెనక్కి పంపుతుందని నెమ్మదిగా చెప్పింది. వేరే అట్ట లేదు. టైము రెండు దాటింది.

రెండు అట్టలు గుడ్డతో తుడిచి చూస్తే మచ్చ అరచేతంత అయింది. మూడేళ్ల డిప్లొమాలో పసుపు మీద ఒక్క పాఠమూ లేదు.

మిగతా వాటిని ముట్టుకోకుండా వినీత వాటి వంకే చూసింది. మచ్చలన్నీ బొటనవేలంత, అన్నీ మూలల్లోనే. పాత శుభలేఖల చెక్క దించి, దానిలోంచి నాలుగు బ్లేడు ముక్కలు పీకింది. వాటిని ఇంకో చెక్కలో ఏటవాలుగా, మూలకొకటి బిగించింది.

"శుభానికి పెట్టిన పసుపు కోసేస్తవా?" అన్నాడు సీతారాములు.

"కొయ్యకుంటే సోమవారం మిషనే పోతది. నువ్వే నడుపు. నా చేతికి అంత స్పీడు లేదు."

ఆయన మూతి ముడుచుకునే మెషీన్ ముందు నిలబడ్డాడు. మెషీన్ నోరు తెరిచినప్పుడల్లా అట్ట పెట్టడం, తీయడం, పదమూడేళ్లుగా అలవాటైన చెయ్యి. పచ్చటి ముక్కలు రాలుతుంటే వినీత చీపురు తీసింది. ఆయన ఊడవనివ్వలేదు. ఒక్కో ముక్కా ఏరి తువ్వాల్లో కట్టుకున్నాడు.

ఆయతి ఒక డబ్బా మడిచింది. పొద్దున నమూనాలో అడ్డం పడిన మూత ఇప్పుడు జారినట్టు లోపలికి పోయింది. మూలలు ఏటవాలుగా ఉండాలని పుస్తకంలో ఉంది. వినీత గీసినవి మాత్రం చదరం. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

తుడిచి పాడుచేసిన రెండూ పోను, రెండు వందల తొంభై ఎనిమిది డబ్బాలు జీపెక్కాయి. ఆదివారం ఆయతి ఫోన్ చేసింది: సరుకు పాసైంది, ఇంకా డబ్బాలు కావాలట. సీతారాములు జగదల్‌పూర్ ఆయనకు రావద్దని హిందీలో చెప్పి, నేరుగా టీ కొట్టుకు పోయి, తను పసుపు పెట్టబట్టే మూతలు పట్టాయని అందరికీ చెప్పాడు.

సోమవారం వినీత మొదట చేసిన పని పసుపు గిన్నెను ఇంటికి పంపడం. మంగళవారం అది మళ్లీ బల్ల మీద ఉంది.