టార్పెడోని అడగరాని మాట

ఓడల్ని ముంచే ఈ విమానం నేను ఎదురు రానిదే లేవదు. నాలుగు ఇంజన్లున్నాయి, లోపల పన్నెండు మంది ఉన్నారు, పొట్ట కింద టార్పెడో ఉంది. అది నీళ్లలో ఈదుకుంటూ పోయి ఓడ అడుగున పేలుతుంది. ఇన్ని ఉండీ, బొట్టు పెట్టుకున్న ఆడమనిషి నిండు బిందెతో ఎదురొస్తే గానీ చక్రం కదలదు. భీమిలి ఇసకలో రోజూ పొద్దున్నే ఆ పని నాది.

"ఇవాళ ఏ ఓడ బాబూ?" అని అడుగుతాను.

విమానం నడిపే భానోజీ గారు ఫొటో చూపిస్తారు. బూడిదరంగు ఓడ. వెనక చివర మా ఆయన బియ్యం కడుగుతున్నాడు. ఆ ఓడలో వంటవాడు ఆయనే. కడుగునీళ్లు ఫొటో అంచు దాటి నా పాదాల మీద పడుతున్నాయి.

పాదాలు చటుక్కున వెనక్కి తీసుకుంటాను.

"ఇందులో మావోడున్నాడు బాబూ!"

"ఉంటే ఉన్నాడు. ప్రస్తుతానికి నువ్వు పుణ్యస్త్రీవేగా?"

"ఓడ మునిగితే నానేటవుతాను? రేపు నా మొకం సూత్తారేటి మీరు?"

"రేపటికి ఇంకొకరిని చూసుకుంటాం. ఇవాళ్టికి నువ్వు చాలు," అంటారాయన, ఎంతో మర్యాదగా.

ఒళ్లు మండిపోతుంది. నా తాళి బలంతోనే నా తాళి తెంపుతారట! ఎంత పొదుపైన మనుషులో.

బిందె కింద పెట్టి, అడగరాని మాట అడిగేస్తాను. "ఎక్కడికి?"

బయల్దేరేవాళ్లని ఆ మాట అడిగితే ప్రయాణం చెడుతుంది. మళ్లీ కూచుని, నీళ్లు తాగి, కొత్తగా బయల్దేరాలి. ఇది తెలియనివాళ్లు మా పేటలో లేరు.

భానోజీ గారు నవ్వుతారు. "ప్రయాణం మాది కాదు నూకరత్నం, టార్పెడోది. మేం సాగనంపేవాళ్లం."

"అయితే దాన్నే అడుగుతాను."

"అది నిద్రలో ఉంది. నీళ్లు తగిలితే గానీ లేవదు."

ఇంజన్లు తిరుగుతున్నాయి. నేను పక్కకి తప్పుకోవాలి. తప్పుకోను. విమానం కిందికి దూరి, టార్పెడో పక్కన ఒత్తిగిలి పడుకుని, దాన్నీ నన్నూ కలిపి కొంగుతో కట్టేస్తాను.

సముద్రం మీద రెండు తాటిచెట్ల ఎత్తున పోతున్నాం. ఇక్కణ్నుంచి విమానం వంకర తిరగరాదు. తిన్నగా పోతేనే టార్పెడో తిన్నగా పోతుంది. ఓడ మీది తుపాకులు పేలుతున్నాయి, రెక్కలకి చిల్లులు పడుతున్నాయి, అయినా భానోజీ గారు జానెడు పక్కకి జరగరు. దగ్గరయ్యేకొద్దీ ఓడ పెద్దదవుతోంది. మా ఆయన మాత్రం ఫొటోలో ఉన్నంతే ఉన్నాడు. తలెత్తడేం ఈ మనిషి!

టార్పెడోని పట్టి ఉంచిన కొక్కెం ఊడుతుంది. ఇద్దరం నీళ్లలో పడతాం. టార్పెడో కళ్లు తెరిచి పరుగు మొదలుపెడుతుంది. ఓడ అడుగు నల్లగా మీదికి వస్తోంది. నోటి నిండా ఉప్పునీళ్లు. ఉమ్మేసి అరుస్తాను.

"ఎక్కడికెల్తన్నావు నాయినా?"

టార్పెడో ఆగిపోతుంది.

"ఛీ! అడిగేశావా?" అని విసుక్కుంటుంది. పాపం, పద్ధతి తెలిసినదే. సముద్రం అడుగున ఇసకలో చతికిలబడుతుంది. "ఏం చేస్తాం. నీళ్లియ్యి."

"ఉప్పునీళ్లే ఉన్నాయి."

"ఏవైతేనేం."

తాగుతోంది. నీళ్లు నా మెడ దిగుతాయి, నడుం దిగుతాయి, మోకాళ్లు దిగుతాయి. తాగినంతసేపూ ఇది కదలదు కదా అని నాకు ప్రాణం లేచొస్తుంది. "తాగు నాయినా, కడుపు నిండా తాగు," అంటాను. బుద్ధి లేనిదాన్ని. ఆఖరి గుక్కలో ఓడ గిర్రున తిరిగి, మనుషులతో సహా దాని నోట్లోకి జారిపోతుంది.

"ఓలమ్మో!" భుజందాకా చెయ్యి పెట్టి వెతుకుతాను. అందదు.

ఇప్పుడు సముద్రం లేదు. టార్పెడో నా ఒళ్లో తలపెట్టుకుని కునుకు తీస్తోంది. లేస్తే బయల్దేరుతుంది, దెబ్బ తగిలితే పేలుతుంది. అందుకని మెల్లగా జోకొడుతున్నాను.

"ఎవురది తలుపు కొడతన్నారు?" లోపల్నుంచి మా ఆయన గొంతు.

బతికే ఉన్నాడు! నా చెయ్యి ఆగిపోతుంది. ఆగగానే టార్పెడో రెప్పలు కదులుతాయి. మళ్లీ జోకొడతాను.

"ఉండండెహె, తీత్తన్నాను," అంటూ ఆయన మెట్లెక్కి వస్తున్నాడు.

ఈ ఇనుముకి తలుపు లేదు. నా అరచేతి కింద, మెత్తగా, గడియ ఒకటి మొలుస్తోంది.