నీలం గిన్నె

నా భార్య చనిపోతే ఆమె సొంత చెల్లెలు ఫుసాయే రాలేదు. చెర్రీ చెట్లు పూశాయని మాత్రం ఈ వసంతంలో మొగుణ్ణి వెంటేసుకుని టోక్యో నుంచి దిగింది. మా ఉజిలో గుళ్లూ, వంతెనా, తేయాకు తోటలూ తిప్పి చూపించేసరికి నా మోకాళ్లు పట్టేశాయి.

సాయంత్రం ఇంట్లో చాప మీద కూర్చోబెట్టి, తేయాకు పొడిని వేడినీళ్లలో వెదురు కవ్వంతో చిలికి ఇచ్చాను.

"అబ్బ, చేదు! అచ్చం నీ మొహంలాగే ఉంది బావా," అంది. మొగుడు పగలబడి నవ్వాడు.

"ముందు మిఠాయి తినాలి."

"సరేగానీ, నేను కొనిచ్చిన నీలం గిన్నె ఏది? టీ అయినా అన్నమైనా అక్కకి అందులోనే కదా. గుర్తుగా పట్టుకెళ్తాను."

"పగిలిపోయింది."

"నీ చేతిలో ఏది నిలిచింది గనక!"

"శవపేటిక గడప దాటుతుంటే వాకిట్లో నేనే పగలగొట్టాను. పోయినవాళ్ల గిన్నె ఎవరైనా ఉంచుకుంటారా? వచ్చుంటే చూసేదానివి."

ఫుసాయే చేదంతా అడుగుదాకా తాగి తల వంచింది.

"ఆ రోజు ఎందుకు రాలేదంటే బావా..."

"వద్దు," అని గిన్నెలు కడగడానికి లేచాను. ఆ రోజు గురించి ఇక నేను ఎవరితోనూ మాట్లాడను.