జోడుగొట్టాల తుపాకీ

ఆళ్లగడ్డ రైతు ఈశ్వరి తన తాత తుపాకీని నంద్యాలలో తుపాకులు బాగుచేసే మహబూబ్ దగ్గరికి తెచ్చింది. లైసెన్సు ఆమె పేరునే ఉంది. గొట్టాల మీది నెమలి చెక్కడం చూసి మహబూబ్ మురిసిపోయాడు.

"దీన్ని ముట్టుకోగూడదుమ్మా. పాతది ఉన్నట్లే ఉంటేనే విలువ. బీరువాలో దాచుకో."

"దాచుకుంటే నా శెనక్కాయ చేన్లో పందుల్ని ఎవురు తోలుతారన్నా?"

మహబూబ్ తుపాకీని విప్పాడు. చివరికి మెరుగు పెట్టకుండా, అరిగిన స్ప్రింగులు మాత్రం మార్చి, పాతవి గుడ్డలో మూటగట్టి ఇచ్చాడు. ఎట్లా పేలుతుందో చూడాలని తానే చేనుకు వచ్చాడు.

ఈశ్వరి ఆకాశంలోకి పేల్చింది. పందులు పరుగో పరుగు. ఉలిక్కిపడిన మహబూబ్ గట్టు మీంచి కాలవలో పడ్డాడు. బురద తుడుచుకుంటూ లేచి పకపకా నవ్వాడు.

"ఇంగోసారి కాల్చుమ్మా! దీని గొంతు ఇంత బాగుంటాదని నాకేం తెలుసు!"