నిర్మల జాగా

ఇందులో ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు వచ్చి ఉండొచ్చు. ఈ మధ్య నాకు ఏళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి ఏడే అనుకుంటాను. మగ్గాల సంగతి మాత్రం నిన్న చూసినట్టే ఉంది.

కొత్తవాడలో తెల్లారగానే వినబడేది జంపఖానా మగ్గాల చప్పుడు. పెద్ద జంపఖానా నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. చెరో సగం నేస్తూ, ఇనప పంజాతో పోగులను దగ్గరికి కొట్టుకుంటూ పోవాలి. ఒకరు లేస్తే రెండోవారి చెయ్యి ఆగిపోతుంది. అందుకే ఏ ఇంట్లో పెద్దమనిషి తగ్గినా, బడికి పోయే పిల్ల వచ్చి ఆ జాగాలో కూర్చునేది. పుస్తకాల సంచి కొయ్యకు వేలాడేది.

ఆ వాడకట్టులో ఇంకో సంగతి ఉంది. ఒకరి జాగాలో మరొకరు కూర్చుంటే, ఆ జాగా మనిషి ఎక్కడున్నా సరే, అక్కడ ఆమె చెవిన పడిందంతా కూర్చున్నవాళ్లకూ వినబడేది. కట్టయ్య భార్య దవాఖానలో ఉన్నప్పుడు ఆమె జాగాలో చిలుకమ్మ నేస్తోంది. ఉన్నట్టుండి పంజా కింద పెట్టి, "కట్టన్నా, లే. డాక్టరు చేతులెత్తేసిండు," అంది. కట్టయ్య చెప్పులు కూడా తొడుక్కోకుండా ఉరికాడు. ఎట్లా తెలిసిందని చిలుకమ్మను ఎవరూ అడగలేదు.

తల్లి పోయాక అది కట్టయ్య కూతురు నిర్మల జాగా అయింది. నిర్మల అప్పుడే పదిలోకి వచ్చింది. వాడకట్టు పెద్ద సారయ్య ఆడవాళ్లను పోగుచేశాడు.

"మన దాంట్ల ఒక్క ఆడపిల్లన్న పది దాటిందా? దీన్నన్న దాటిద్దాం. దినానికొకలు దాని జాగల గూసోండ్రి."

"గూసుంటం తియ్యి మామా. కట్టయ్య ఛాయ్ పోత్తడా మరి?" అంది పూలమ్మ. అందరూ నవ్వారు.

రాజక్క నవ్వలేదు. ఆమె ఇల్లు కట్టయ్య ఇంటి పక్కనే, నడుమ ఒక్క గోడ. రెండేళ్ల కింద ఆమె తండ్రి భివండీ మిల్లుల్లో పనికి పోయి మళ్లీ రాలేదు. తొమ్మిదిలో ఫస్టు వచ్చే ఆ పిల్ల, బడి మాని తల్లి పక్కన మగ్గమెక్కింది.

"నేను బడి మానిననాడు వీళ్లంత యాడవోయిండ్రు?" అంది తల్లితో.

"మెల్లగనే, గోడవతల వింటరు," అంది తల్లి లక్ష్మీనర్సమ్మ.

"విననియ్యి!"

రాజక్కకు బేస్తవారం వంతు పడింది. ముక్కు మీద కోపంతో వెళ్లి కూర్చుంది. పంజా రెండు దెబ్బలు వేసిందో లేదో, సుద్దముక్క బోర్డు మీద గీరిన చప్పుడు వినబడింది. తర్వాత లెక్కల సారు గొంతు. మిగతా ఆడవాళ్లకు అది వాన చప్పుడు లాంటిది, వస్తుంది పోతుంది. రాజక్కకు అట్లా కాలేదు. సారు ఒక లెక్క అడిగాడు. నిర్మల నీళ్లు నమిలింది. మగ్గం మీద రాజక్క జవాబు గట్టిగా చెప్పేసింది. ఆనక నిర్మలకు పడిన తిట్లు కూడా వింది. ఆ పూట ఆమెకు అన్నం సయించింది.

ఆ మరుసటి వారం నుంచి అందరి వంతులూ తనే అడిగి తీసుకుంది. ఎవరి వంతు తీసుకుంటే వాళ్లు వెళ్లి లక్ష్మీనర్సమ్మ పక్కన, రాజక్క జాగాలో కూర్చునేవారు.

"ఎంత మంచి పిల్ల! నిర్మల అంటే పానం," అనుకున్నారు.

పానమా! నిర్మల కొత్త గౌను వేసుకుపోతే రాజక్కకు కడుపులో కుంపటి. టీచరమ్మ నిర్మలను మెచ్చుకుంటే ఆ దినం జంపఖానాలో ఒక పట్టీ వంకరపోయేది.

అర్ధ సంవత్సర పరీక్షల్లో నిర్మలకు లెక్కలు పోయాయి. ఇంటికొచ్చి సంచి కొయ్యకు తగిలించింది. "నాతోటి కాదు నాయినా. రేపటిసంది నేనే గూసుంట."

రాజక్క ఆ మాట వింది. కుంపటి చల్లారింది. హాయిగా లేచి నిలబడింది. నిలబడి, తాను లేచిన జాగా వంక చూసింది. రేపటి నుంచి ఇందులో నిర్మల కూర్చుంటుంది. సారు గొంతు ఇక రాదు.

నల్లా కింద నిర్మల బిందె పెట్టీ పెట్టగానే రాజక్క పట్టుకుంది.

"బడి మాంతవానే? సిగ్గులేదా?"

"నీకేమైంది రాజక్కా? నీకు వంతుల బాధ తప్పుతది గద!"

"నువ్వు పోకుంటే నేనెట్ల వినాలె? ఇంకా సగం పుస్తకం ఉన్నది!" అంది రాజక్క. అన్నాక నాలిక కరుచుకుంది.

నిర్మల బిందె నిండి పొర్లిపోతున్నా చూస్తూ నిలబడింది. "అయితే పరీక్షల నాకు పోయిన లెక్కలు నీకచ్చినయా?"

"ఎప్పుడో అచ్చినయ్."

"మరి నాకు జెప్పరాదూ."

చెప్పింది. ప్రతి పొద్దుగూకే వేళ గోడ పక్కన కూర్చోబెట్టి చెప్పింది. ఊరికే చెప్పలేదు, "గింత రాదా, మొద్దు మొహమా" అంటూ చెప్పింది. మంచి కిటుకు ఒకటి రెండు తనకే ఉంచుకుంది కూడా.

ఇదంతా గుట్టుగా సాగేదే. కానీ నిర్మల జాగాలో రాజక్క ఉంటే, రాజక్క జాగాలో పూలమ్మ ఉంది కదా. బడిలో సారు గొంతు, దానిమీద రాజక్క జవాబు, రెండూ పూలమ్మ చెవిన పడ్డాయి. ఆమె సారయ్య ఇంటికి నడిచింది.

"మామా, సారు అడుగుడే ఆలస్యం, మా రాజక్క జెప్తాంది. నిర్మల కన్న ముందే!"

సారయ్య మీసం దువ్వుకున్నాడు. "అయితే ఇది గూడ పది పరీక్ష రాత్తది. ప్రైవేటుగ రాయిద్దాం. నర్సమ్మ పక్కన దీని జాగల గూడ వంతులేసుకోండ్రి."

ఆ మాట విని ఈసారి నిర్మల మొహం మాడింది. "అక్కకు బడికి పోకుండనే పదా?" అంది. రాజక్కకు అంతకన్నా సంతోషం ఎన్నడూ కలగలేదు.

పరీక్ష నాడు ఇద్దరూ హనుమకొండ బస్సెక్కారు. నిర్మల జాగాలో చిలుకమ్మ, రాజక్క జాగాలో పూలమ్మ కూర్చున్నారు. నడుమ గోడ. రెండు పంజాలూ ఆగిపోయాయి. హాల్లో ఫ్యాను చప్పుడు, కాగితం మీద కలం గీరుడు.

"మా రాజక్క ఆపుతనే లేదు," అంది పూలమ్మ గోడ మీదుగా.

"మాది ఆలోచన చేత్తాంది. ఉరుకులాడితే తప్పులు పోవా?" అంది చిలుకమ్మ.

"మాది ఇంకో కాగితం అడిగింది!"

చిలుకమ్మ పంజాను ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చెవులు రిక్కించింది. "అడుగే బిడ్డా, నువ్వు గూడ అడుగు," అని గొణిగింది. కాసేపటికి ఆమె కేక వాడకట్టంతా వినబడింది.

"అడిగింది! మాది గూడ అడిగింది!"

ఆ ఏడు కొత్తవాడలోని ఆ వాడకట్టు నుంచి ఇద్దరు ఆడపిల్లలు పది దాటారు. ఎవరికి ఎక్కువ మార్కులొచ్చాయో రాయను. ఆ తగువు ఇంకా తేలలేదు.

శారదా, దీన్ని సాపు రాసే ముందు నువ్వొకసారి, ఆ మగ్గాల నడుమే పెరిగిన మీ అమ్మనడిగి పేర్లు సరిచూడు తల్లీ. ఆ రోజు ఏ జాగాలో ఎవరు కూర్చున్నారో, పూలమ్మనూ చిలుకమ్మనూ అటూ ఇటూ చేశానేమో. చేస్తే ఇద్దరూ ఊరుకోరు.