తొంభైతొమ్మిదిలో ఒక్క పేరు

మా ఊళ్లో దేవుడి పేర్లు పెట్టుకున్న మగాళ్లకు కొదవలేదు. ఇచ్చేవాడి దాసుడు అబ్దుల్ ముఅతీ ఉన్నాడు, తన చేలోంచి ఒక్క చెరకు గడ కూడా బయటికి పోనివ్వడు. చూసేవాడి దాసుడు అబ్దుల్ బసీర్ ఉన్నాడు, ఊళ్లో జరిగిన ఏ గొడవనూ ఇంతవరకూ చూడలేదు. పగ తీర్చేవాడి దాసుడు, అంటే అబ్దుల్ మున్తఖిమ్, మాత్రం మా ఊళ్లోనే కాదు, నైలు పొడుగునా ఎక్కడా ఉన్నట్టు నేను వినలేదు. నా మనవడికి ఆ పేరే పెట్టాలని వాడు తల్లి కడుపులో ఉండగానే తీర్మానించుకున్నాను.

నా పేరు సత్తూతా. ఊరంతా ఉమ్ రిఫాయీ అంటుంది, రిఫాయీ తల్లి అని. నాకు వాడొక్కడే కొడుకు. కాలువ నీళ్ల వంతు దగ్గర మాటా మాటా పెరిగి అబ్దుల్ ఘఫ్ఫార్ వాణ్ణి కాల్చి చంపాడు. పట్టపగలు. ఆ చప్పుడు ఊరంతా విన్నది. పోలీసులు వచ్చి అడిగితే మాత్రం ఎవరి చెవులూ పనిచేయలేదు. సాక్ష్యం లేదని వాణ్ణి వదిలేశారు.

వాడిప్పుడు కాలువ అవతలి గట్టున తన ఇంటి అరుగు మీద గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు. ఒళ్లో తుపాకీ ఉంటుంది. ఘఫ్ఫార్ అంటే ఎన్నిసార్లయినా క్షమించేవాడని అర్థం. కాఫీ కొట్టులో వాడు అన్నాడట, "నా దేవుడు ఘఫ్ఫార్ రా. ఒక్కసారి మక్కా వెళ్లొస్తే అన్నీ కడిగేస్తాడు" అని. ఆ మాట మోసుకొచ్చిన మనిషి మొహం మీదే తలుపు వేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. వీడు కడిగేవాడున్నాడు కదా అని ధీమాగా అడుసులోకి దిగినవాడు.

హత్య జరిగిన ఇంటికి మాలో పగ తీరేదాకా పరామర్శ ఉండదు. గుడారం వెయ్యం, చావింట్లో పోసే చక్కెర లేని కాఫీ పొయ్యం, ఓదార్చడానికి వచ్చినవాళ్లను గడప దాటనివ్వం. ఏడుపు కూడా దాచుకోవాలి. నేను దాచుకున్నాను. పగ తీర్చడానికి ఇంట్లో మగదిక్కు లేదు. మా ఆయన ఎప్పుడో పోయాడు. మా అన్న షేక్ మహ్రూస్ ఉన్నాడు కానీ పుట్టింటివాడు, ఈ పగ అతనిది కాదు. మిగిలింది నా కోడలు హనియ్యా కడుపులోని బిడ్డ. మగపిల్లాడు కావాలని అడిగాను. మగపిల్లాడే పుట్టాడు.

పుట్టిన మర్నాడు అన్న వచ్చాడు. అతను ఊరి పిల్లలకు ఖురాన్ చెబుతాడు. గడపలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు.

"ఏమే సత్తూతా, మనవడికి అబ్దుల్ మున్తఖిమ్ అని పెడతావటగా?"

"పెడతాను. నీకేమైనా అభ్యంతరమా?"

"ఎవరికైనా ఆ పేరుండగా విన్నావా?"

"లేదు కాబట్టే పెడుతున్నా. మెత్తటి పేర్లన్నీ అందరూ పంచేసుకున్నారు. ఇది మిగిలింది, నేను తీసుకుంటున్నాను."

నా చేతిలోని జపమాల వంక చూశాడు. మా నాన్నది అది, దేవుడి తొంభైతొమ్మిది పేర్లకూ తొంభైతొమ్మిది పూసలు. రిఫాయీ పోయినప్పటి నుంచి ప్రతి పూసకూ ఒకటే మాట అంటున్నాను, యా మున్తఖిమ్ అని.

"అన్ని పూసలకీ అదే పేరు తిప్పుతున్నావా?"

"మిగతావాటితో నాకు పని లేదు."

"ఓసి పిచ్చిదానా, దేవుడేమన్నా కూరగాయల బండా, నీక్కావలసింది ఏరుకుని మిగతావి వదిలెయ్యడానికి?"

"కడుపు కాలింది నాది. నీకేం తెలుసు?"

"ఆ సంగతి తెలీదు, ఒప్పుకుంటా. ఆ పేరు సంగతి మాత్రం నీకంటే నాకు తెలుసు. కరుణ గురించి చెప్పేటప్పుడు ఖురాన్‌లో కరుణామయుడు అని ఊరికే అంటాడు, ఎవరి మీద అని చెప్పడు. పగ అలా రాదు. నేరం చేసినవాళ్ల మీద అని చూపించి మరీ చెబుతాడు. ఎవడు చేశాడో, ఎందుకు చేశాడో, వాడి గుండెలో ఏముందో అంతా ఎరిగినవాడికే అది చెల్లుతుంది. వినేవాడు, చూసేవాడు, తీర్పరి, ఈ పేర్లన్నీ దానికి కాపలా కాస్తాయి. కాపలా తీసేసి ఆ ఒక్కటీ పసివాడి మెడకి కడతానంటావేం?"

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"అయితే రొట్టె తిని వెళ్లు."

తిని వెళ్లాడు. అతని మాటలు నా చెవిలో పడ్డాయి కానీ లోపలికి దిగలేదు.

ఏడో రోజు పేరు పెట్టే పండగ. పిల్లాడి పేరు మీద పంతం వచ్చినప్పుడు మాలో ఒక పద్ధతి ఉంది. ఒక్కో పేరుకు ఒక్కో కొవ్వొత్తి వెలిగిస్తారు, చివరిదాకా ఏది వెలిగితే ఆ పేరే పెడతారు. హనియ్యా తన కొవ్వొత్తికి అబ్దుస్సబూర్ అని చెప్పింది, ఓర్పుగలవాడి దాసుడు. అన్న తనదానికి అబ్దుల్ హకమ్ అన్నాడు, తీర్పరి దాసుడు. నాది పట్నం నుంచి తెప్పించిన కొవ్వొత్తి, దర్గాల్లో వెలిగించే రకం, నా మణికట్టంత లావు. హనియ్యా దాన్ని చూసింది. పక్కనే తనది పుల్లలా ఉంది. చూసి తన పనిలో పడింది. ఆ పిల్ల అంతే, ఉడికేదాకా మూత తియ్యదు.

మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చారు. మామూలు ఇల్లయితే ఆనందంతో నాలుక ఆడించి కేకలు పెట్టేవాళ్లు. మాది పగ తీరని ఇల్లు, అందరూ నల్లబట్టల్లో నోళ్లు కట్టుకుని కూర్చున్నారు. ఆచారం ప్రకారం పిల్లాణ్ణి జల్లెడలో పడుకోబెట్టాం. మొదట హనియ్యా కొవ్వొత్తి ఆరింది. ఆ తర్వాత మా అన్న కొవ్వొత్తి కూడా ఆరింది. నాది మాత్రం సగం కూడా కరగలేదు. ఇలాగే అవుతుందని నాకు ముందే తెలుసు, అయినా గుండె ఎగిరింది.

ఇత్తడి రోలు తెచ్చుకుని పిల్లాడి చెవి పక్కన దంచడం మొదలుపెట్టాను. ఆ చప్పుడులో బిడ్డకు బుద్ధులు చెప్పాలి. అమ్మ మాట విను, నాన్న మాట వినకు అని ఆటపట్టిస్తారు. నాన్న అనే మాట దగ్గర ఆడవాళ్లంతా తలలు దించుకున్నారు. నేను దించలేదు.

"నానమ్మ మాట విను రా. నీ పేరు అబ్దుల్ మున్తఖిమ్. నీ తండ్రి నెత్తురు కాలువ గట్టు మీద ఉంది. పెరుగు, తుపాకీ పట్టు, కాలువ దాటు."

అప్పుడు తల్లి జల్లెడ మీదుగా ఏడుసార్లు దాటాలి. హనియ్యా రెండోసారి దాటబోయి ఆగిపోయింది.

"అత్తా, మా ఆయన్ని చంపినవాడి పేరేంటి?"

ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. "ఈ పూట ఆ ముదనష్టపు పేరెందుకే?" అన్నాను.

"మీ నోటితో చెప్పండి."

"అబ్దుల్ ఘఫ్ఫార్."

"వాణ్ణి జల్లెడలో పెట్టి ఆ పేరు పెట్టిన రోజు రోలు దంచిందెవరు?"

నా చెయ్యి ఆగింది. దంచింది నేనే. ఆ రోజుల్లో వాళ్లూ ఈ గట్టునే ఉండేవాళ్లు, మా రెండిళ్లకూ రొట్టెల పొయ్యి ఒకటే ఉండేది. వాడి చెవిలో ఇదే రోలు మోగించి, అమ్మ మాట విను రా అబ్దుల్ ఘఫ్ఫార్ అన్నది నేనే.

"పేరే మనిషిని చేసేదైతే మా ఆయన ఇవాళ ఇక్కడ ఉండేవాడు," అంది హనియ్యా. గొంతు పెంచలేదు. "వాడికి దేవుడి పేరు ఒక్కటే తెలుసు. క్షమిస్తాడులే అని కాల్చాడు. మీకూ ఒక్కటే తెలుసు. వీడికీ మీరు ఆ ఒక్కటే నేర్పుతారు. దేవుడి పని నా పనే అనుకుని వీడు వెళ్లి కాలుస్తాడు. వాళ్లు వచ్చి వీణ్ణి కాలుస్తారు. అప్పుడు నేను మీ పక్కన ఇంకో జపమాల పట్టుకుని కూర్చోవాలి."

"అయితే వాణ్ణి వదిలెయ్యమంటావు. నా కొడుకు నీకు అంత తేలికైపోయాడా?"

"మీకు కొడుకైతే నాకు మొగుడు కాదా? నాకు మండట్లేదనుకున్నారా? వదలమని నేనెక్కడన్నాను?" జల్లెడలోంచి పిల్లాణ్ణి ఎత్తి గుండెకు హత్తుకుంది. "మనం చంపితే వాడికి ఒక్క క్షణం నొప్పి. ఆ తర్వాత లెక్క సరిపోయిందని వాళ్లవాళ్లు కాఫీ తాగుతారు. అంత చౌకగా వాణ్ణి ఎందుకు పోనివ్వాలి?"

ఆ మాట మా అన్న చెప్పినవాటిలా చెవి దగ్గర ఆగిపోలేదు. నేను లేచి నా కొవ్వొత్తి మంటను వేళ్లతో నలిపేశాను. చర్మం కాలింది. ఆడవాళ్లు నోళ్లు తెరిచారు, ఎందుకంటే పేరు కోసం వెలిగించిన కొవ్వొత్తిని ఆర్పడం మాలో ఎవరూ చెయ్యని పని.

"అన్నా, నీ కొవ్వొత్తి పేరేంటన్నావ్?"

"అబ్దుల్ హకమ్."

"అదే పెట్టు."

నేను మెత్తబడ్డానని ఆ రోజు అందరూ అనుకున్నారు. అనుకోనీ. ఆ తర్వాత నేను రోజూ పొద్దున్నే అన్న దగ్గరికి వెళ్లి, అరుస్తూ వల్లించే పిల్లల వెనక కూర్చున్నాను. అన్న సంతోషపడ్డాడు.

"ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందే నీకు," అన్నాడు.

"బుద్ధి కాదు. శత్రువు మీదికి వెళ్లేవాడు ఉన్న ఆయుధాలన్నీ చూసుకుని వెళ్తాడు," అన్నాను.

పేర్లన్నీ నోటికి వచ్చిన రోజు కాలువ దాటాను. మాలో పగలు మగాళ్ల మధ్యే, ముసలిదాన్ని నన్నెవడూ కాల్చడు. అబ్దుల్ ఘఫ్ఫార్ అరుగు మీదే ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, తుపాకీ మాత్రం వదల్లేదు.

"పిన్నీ," అన్నాడు. చిన్నప్పటి నుంచీ అలాగే పిలిచేవాడు.

"మనవడి పేరు అబ్దుల్ హకమ్. వాడు పెద్దయినా నీ జోలికి రాడు. మా ఇంటి నుంచి ఎవరూ రారు. ఆ తుపాకీ లోపల పెట్టుకో."

వాడి మొహం వెలిగింది. అది చూసి నా ఒళ్లు మండింది.

"దేవుడు ఘఫ్ఫార్ పిన్నీ. నీ మనసు..."

"నోర్ముయ్. నేను క్షమించానని ఎవడు చెప్పాడు నీకు? ఆయన పేరు నీకు ఒక్కటే తెలుసు. మిగతావి చెప్పిపోదామని వచ్చాను, కూర్చో."

కూర్చున్నాడు.

"సమీ. వినేవాడు. ఊరంతా వినలేదన్న చప్పుడు ఆయన విన్నాడు. బసీర్. చూసేవాడు. ఆయన్ని సాక్ష్యానికి పిలవక్కర్లేదు, బెదిరించి ఆపలేవు. ఖబీర్. లోపలి గుట్టు ఎరిగినవాడు. నీళ్ల వంతు కోసమే కాల్చావో, ఎప్పటి నుంచో నా బిడ్డ మీద కడుపులో ఏం పెట్టుకున్నావో ఆయనకు తెలుసు. రఖీబ్. కాపు కాసేవాడు. నా మనవడైతే ఎప్పుడో ఒకప్పుడు కునుకు తీసేవాడు, ఆయన తియ్యడు. గోడకు వీపు ఆనించి కూర్చుంటే మనిషి నుంచి తప్పించుకుంటావు. ఆయన ఏ వైపు ఉన్నాడని చూస్తావు?"

వాడు నిజంగానే తల తిప్పి వెనక గోడ వంక చూశాడు.

"సబూర్. ఓర్పుగలవాడు. వరుసలో అన్నిటికంటే చివరిది. నాకు తొందర ఉంది, చచ్చేలోగా చూడాలని. ఆయనకు లేదు. నువ్వు మక్కా వెళ్లు, గడ్డం పెంచు, మనవళ్లను ఎత్తుకో. ఆయన ఆగుతాడు. మున్తఖిమ్. ఆ పేరు ఇన్నాళ్లూ నేను పట్టుకు కూర్చున్నాను. ఇవాళ ఆయన పని ఆయనకు అప్పగించేశాను. హకమ్. తీర్పు చెప్పేవాడు. అక్కడ నీ ఎదురుగా నేను నిలబడతాను."

వాడి తుపాకీ అరుగు మీదికి జారిపోయింది, తీసుకోలేదు.

"పిన్నీ," అన్నాడు. "వాడు పడిపోయాక... నీళ్లడిగాడు."

కాలువ పక్కన. నీళ్ల వంతు కోసం చంపిన చోట. నా చేతికి ఆ తుపాకీ అందేంత దూరంలోనే ఉంది. ఆ క్షణాన నేర్చుకున్న పేర్లన్నీ నోట్లోంచి పోయాయి.

"ఇచ్చావా?" అన్నాను.

వాడు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అదే జవాబు. తుపాకీ వంక ఇంకోసారి చూసి, వెనక్కి తిరిగాను.

వెనక నుంచి అడిగాడు. "ఘఫ్ఫార్ చెప్పలేదేం పిన్నీ? అన్నీ చెప్పావు, అది చెప్పలేదు."

"అది ఆయన్నే అడుగు. నా దగ్గర లేదు."

ఇంటికి వచ్చేసరికి హనియ్యా గడపలో పిల్లాడితో నిలబడి ఉంది.

"కాఫీ పెట్టవే," అన్నాను. "పెద్ద గిన్నెతో పెట్టు. చక్కెర వెయ్యకు. వీధి తలుపు తీసి ఉంచు, పరామర్శకు ఎవరొస్తారో రానీ."

మొదట అన్న వచ్చాడు. దేవుడు నీకు ఓర్పునివ్వాలి చెల్లీ అన్నాడు. రిఫాయీ పోయాక మొదటిసారి ఆ మాటకు నేను జవాబు చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. నీళ్లు నీళ్లు అంటూ ఏడుస్తుంటే నాకు దాహమనుకుని హనియ్యా చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగలేకపోయాను.